గ్యాస్ పొయ్యిలో గాలి లెక్క

దోసె పెనం అడుగున మసి పడితే హోటల్ వాళ్ల కోపం ముందు సిలిండర్ మీదికే పోతుంది. గ్యాస్ కల్తీదని, నీళ్లు కలిపారని అనుమానిస్తారు. సూళ్లూరుపేట బస్టాండు దగ్గరైనా, చెన్నై–కోల్‌కతా హైవే పక్కనైనా తెల్లారకముందే భట్టీ వెలిగించే ఏ టిఫిన్ హోటల్లోనైనా ఇదే వరస. చాలాసార్లు తప్పు గ్యాస్‌ది కాదు. మంటకు అందాల్సినంత గాలి అందలేదు. బర్నర్ చేసే పనంతా గాలిని తగినంత లాక్కుని గ్యాస్‌తో కలపడమే. ఆ లెక్క తెలిస్తే ఇంట్లో పొయ్యి ఎందుకు పసుపుగా మండుతోందో అర్థమవుతుంది. కొలిమికి సొంతంగా బర్నర్ కట్టుకోవాలనుకునే వాళ్లకు ఎక్కడ మొదలుపెట్టాలో కూడా తెలుస్తుంది.

మన సిలిండర్లో ఉన్నది ప్రొపేన్, బ్యూటేన్ అనే రెండు వాయువుల మిశ్రమం. ఒక లీటరు ప్రొపేన్ పూర్తిగా మండాలంటే 24 లీటర్ల గాలి కావాలి, బ్యూటేన్‌కు 31 లీటర్లు. రెండూ కలిసిన ఎల్‌పీజీకి 28 అనుకుందాం. ఒకటికి ఇరవై ఎనిమిది! పొయ్యి మీద మండుతున్నది ఎక్కువ భాగం గాలే అని ఈ అంకె చెబుతోంది. గాలి చాలకపోతే గ్యాస్‌లోని కార్బన్ పూర్తిగా కాలక సన్నని రేణువులుగా విడిపోతుంది. ఆ రేణువులు వేడికి మెరవడం వల్లే మంట పసుపు రంగులో కనిపిస్తుంది. పెనాన్ని తాకి చల్లబడితే అవే మసి. కంటికి కనిపించని ప్రమాదం ఇంకొకటి ఉంది. అరకొరగా కాలిన కార్బన్‌లో కొంత కార్బన్ మోనాక్సైడ్‌గా మారి గదిలో చేరుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, ప్రాణం మాత్రం తీస్తుంది.

మంట పుట్టకముందే గ్యాస్‌లో గాలి కలపాలన్న ఆలోచనకు పేరు తెచ్చినవాడు జర్మన్ రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ బున్సెన్. 1855లో హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో తన ప్రయోగశాలకు వెలుగు తక్కువ, వేడి ఎక్కువ ఉన్న మంట కావాలనుకున్నాడు. అక్కడి పరికరాల మిస్త్రీ పీటర్ డెసాగా దాన్ని తయారుచేసి ఇచ్చాడు. నిలువు గొట్టం, దాని అడుగున గ్యాస్ చిమ్మే సన్నని రంధ్రం, పక్కన గాలి చొరబడే కంతలు. కాలేజీ ల్యాబులో మనమంతా చూసిన బున్సెన్ బర్నర్ అదే. దాన్ని అడ్డంగా పడుకోబెట్టి, చివర చిల్లుల మూత పెడితే మన వంటింటి పొయ్యి తయారైనట్టే.

ఇంటి పొయ్యిని ఒకసారి తిరగేసి చూడండి. నాబ్ వెనక ఇత్తడి ముక్క ఒకటి బర్నర్ గొట్టంలోకి మూతి పెట్టి ఉంటుంది. మెకానిక్కులు జెట్ అనేది దాన్నే. దాని రంధ్రం గుండుసూది పట్టేంత, సుమారు 0.75 మిల్లీమీటర్లు. ఇంటి రెగ్యులేటర్ సిలిండర్ లోపలి ఒత్తిడిని చదరపు సెంటీమీటరుకు 30 గ్రాములకు తగ్గించి పంపుతుంది. అంత కొద్ది ఒత్తిడికే జెట్ నుంచి గ్యాస్ సెకనుకు దాదాపు 50 మీటర్ల వేగంతో దూసుకొస్తుంది. హైవే మీద లారీ దూసుకుపోతే రోడ్డు పక్క దుమ్మూ కాగితాలూ దాని వెంట పరుగెత్తినట్టు, చుట్టూ ఉన్న గాలి ఆ గ్యాస్ ధార వెంటపడి గొట్టంలోకి దూరుతుంది. ఫ్యాను లేదు, మోటారు లేదు. గ్యాస్ వేగమే గాలిని లాక్కుపోతుంది.

ఎంత లాక్కుపోతుందన్నది ముఖ్యంగా జెట్ రంధ్రానికీ గొట్టం వ్యాసానికీ ఉన్న నిష్పత్తి మీద ఆధారపడుతుంది. ఎల్‌పీజీకి గొట్టం వ్యాసం రంధ్రం వ్యాసానికి 12 రెట్లు ఉంటే, లీటరు గ్యాస్ వెంట సుమారు 15 లీటర్ల గాలి లోపలికి పోతుంది. ఇంటి పొయ్యికి ఇది చాలు. మిగతా గాలిని మంట తన చుట్టుపక్కల నుంచే తీసుకుంటుంది.

మంట చిన్నగా వస్తోందని జెట్‌లో సూది పెట్టి తిప్పి రంధ్రం పెద్దది చేసేవాళ్లు ఇక్కడ ఆగి ఆలోచించాలి. వ్యాసం 0.75 నుంచి 1 మిల్లీమీటరుకు పెరిగితే వచ్చే గ్యాస్ ముప్పావు వంతుకు పైగా ఎక్కువవుతుంది, ఎందుకంటే గ్యాస్ వ్యాసపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. గొట్టం మాత్రం పాతదే కాబట్టి రంధ్రంతో పోల్చితే అది ఇరుకైపోయింది. లీటరు గ్యాస్‌కు దొరికే గాలి తగ్గింది. మంట పెద్దదే అవుతుంది, పసుపుగా, మసిగా, పొడుగ్గా. సిలిండర్ త్వరగా అయిపోతుంది, అన్నం మాత్రం అంత త్వరగా ఉడకదు. వెనకటి పంపు స్టవ్వుల రోజుల్లో కిరసనాయిలు మసి పట్టిన రంధ్రాన్ని పిన్నుతో పొడవక తప్పేది కాదు. ఆ అలవాటు గ్యాస్ పొయ్యికి పనికిరాదు. జెట్ అరిగితే అదే సైజు కొత్త జెట్ వేయించుకోవాలి.

గొట్టం దాటిన మిశ్రమం బర్నర్ తలలోని చిల్లుల గుండా బయటికొస్తుంది. ఇక్కడ రెండు వేగాలు పోటీపడతాయి. మిశ్రమం బయటికి వస్తుంటే, మంట దానికి ఎదురుగా లోపలికి పాకాలని చూస్తుంది. గాలి సరిపడా కలిసిన ప్రొపేన్‌లో మంట పాకే వేగం సెకనుకు దాదాపు 40 సెంటీమీటర్లు. మిశ్రమం మరీ నెమ్మదిగా వస్తే మంట చిల్లుల్లోంచి వెనక్కి దూరి జెట్ దగ్గరే 'టప్' మని అంటుకుంటుంది. మరీ వేగంగా వస్తే మంట చిల్లు మీద నిలవలేక పైకి లేచి, రొద చేసి ఆరిపోతుంది. మిశ్రమం సెకనుకు మీటరు దరిదాపుల్లో వచ్చేలా చిల్లుల మొత్తం వైశాల్యాన్ని చూసుకుంటే రెండు బాధలూ ఉండవు. 2 కిలోవాట్ల ఇంటి బర్నర్‌కు 2 మిల్లీమీటర్ల చిల్లులు 80 నుంచి 100 వరకూ పడతాయి.

చిల్లు 2 మిల్లీమీటర్లే ఎందుకు? అంత సన్నని సందులోంచి వెనక్కి పాకుతూ ప్రొపేన్ మంట బతకడం కష్టం. చుట్టూ ఉన్న లోహం వేడిని లాగేసుకుని మంటను చంపేస్తుంది. 1815లో ఇంగ్లండ్‌లో హంఫ్రీ డేవీ బొగ్గుగని కార్మికుల దీపం చుట్టూ సన్నని తీగ వల కట్టి, బయటి గ్యాస్ అంటుకోకుండా ఆపింది ఈ గుణంతోనే. గని కార్మికుడి దీపాన్ని కాపాడిన సంగతే ఇవాళ మన వంటింట్లోనూ పనిచేస్తోంది.

ఇంటి పొయ్యిలకు భారత ప్రమాణం ఐఎస్ 4246 ప్రకారం ఉష్ణ సామర్థ్యం కనీసం 68 శాతం ఉండాలి. అంటే గ్యాస్ ఇచ్చే వేడిలో మూడింట రెండు వంతులైనా గిన్నెకు చేరాలి. అది కొత్త పొయ్యి మాట. వాడుతూ పోతే పొంగిన పాలు, గంజి చిల్లుల్లో ఎండిపోయి సగం మూసేస్తాయి. మన తీర ప్రాంతంలో ఉప్పు గాలికి ఇనుప బర్నర్ లోపల తుప్పు పొరలు రాలి గొట్టంలో పేరుకుంటాయి. కొన్నాళ్లు వాడకుండా వదిలేసిన పొయ్యి గొట్టంలో సాలీడు గూడు కట్టినా, కందిరీగ మట్టి పెట్టినా గాలి దారి మూసుకుపోతుంది. బర్నర్‌ను ఊడదీసి, గొట్టాన్ని బ్రష్‌తో రుద్ది, కడిగి, పూర్తిగా ఆరబెట్టి బిగిస్తే చాలా పసుపు మంటలు నీలంగా మారతాయి. ఒక్క రూపాయి ఖర్చు లేదు.

కొలిమి దగ్గరికొస్తే లెక్క మారుతుంది. ఇంటి పొయ్యి చుట్టూ గాలి ఆడుతుంది. కొలిమి లోపల నాలుగు వైపులా ఫైర్ బ్రిక్ గోడలే. మంటకు పక్క నుంచి గాలి దొరకదు కాబట్టి 28 వంతులూ గొట్టంలోంచే రావాలి. అందుకని జెట్‌కూ గొట్టానికీ నిష్పత్తి 12 చాలదు, 20 దాటాలి. ఒత్తిడీ పెరగాలి. 30 గ్రాములు కాదు, చదరపు సెంటీమీటరుకు 1 కిలో దాకా ఇచ్చే హై ప్రెషర్ రెగ్యులేటర్, దానికి ప్రెషర్ గేజ్, ఆ ఒత్తిడికి తట్టుకునే గొట్టం కావాలి.

కొలతలు చెప్పుకుందాం. జెట్‌కు వెల్డింగ్ సామాన్ల షాపులో దొరికే సీవోటూ వెల్డింగ్ టిప్ పనికొస్తుంది. 0.8 అని రాసి ఉన్న టిప్‌లో రంధ్రం నిజానికి కాస్త పెద్దది, 1 మిల్లీమీటరుకు దగ్గరగా ఉంటుంది. దానికి ముప్పావు అంగుళం పైపు సరిపోతుంది, పొడవు వ్యాసానికి 8, 9 రెట్లు, అంటే 7 అంగుళాల చిల్లర. వెనక వైపు అంగుళంన్నర నుంచి ముప్పావుకు తగ్గే రెడ్యూసర్ బిగిస్తే గాలి సులువుగా లోపలికి జారుతుంది. జెట్ మూతి పైపుకు సరిగ్గా నడిమధ్యన, నిటారుగా ఉండాలి. వెంట్రుక వాసి వంకర ఉన్నా గ్యాస్ ధార గోడకు రాసుకుని వేగం పోగొట్టుకుంటుంది, మంట ఒక పక్కకు ఒరుగుతుంది. ఇంట్లో చేసిన బర్నర్లు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే, కాబట్టి శ్రమంతా ఇక్కడ పెట్టండి. మంట ఎగిరిపోకుండా పైపు చివర స్టీలుతో చిన్న గరాటు తొడగాలి. ప్రతి 12 మిల్లీమీటర్ల పొడవుకు వ్యాసం 1 మిల్లీమీటరు పెరిగే వాలు బాగా పనిచేస్తుంది.

పైపు కొనేటప్పుడు ఒక జాగ్రత్త. నీళ్ల పనికి వాడే జీఐ పైపు వద్దు. దాని మీది జింకు పూత వేడికి పొగై, పీల్చిన వాళ్లకు జ్వరం తెప్పిస్తుంది. నల్ల ఎంఎస్ పైపు అడిగి తీసుకోండి.

1 కిలో ఒత్తిడి మీద ఈ బర్నర్ గంటకు సుమారు 1.3 కిలోల గ్యాస్ తాగి, 17 కిలోవాట్ల దరిదాపుల్లో వేడి ఇస్తుంది. ఎనిమిది ఇంటి బర్నర్ల పెట్టు. వేడి బయటికి పోనివ్వని గోడలుంటే 660 డిగ్రీలకు కరిగే అల్యూమినియానికీ, 900 దాటాక కరిగే ఇత్తడికీ ఇది చాలు. 19 కిలోల వాణిజ్య సిలిండర్ దాదాపు 14 గంటలు వస్తుంది. గ్యాస్ ఇంత జోరుగా లాగినప్పుడు సిలిండర్ చల్లబడి, ఒంటి మీద చెమట పట్టి, ఒత్తిడి పడిపోతుంది. లోపలి ద్రవం ఆవిరి కావడానికి వేడి కావాలి, అది సిలిండర్ నుంచే పోతుంది. పెళ్లి వంటల మాస్టర్లు సిలిండర్‌ను నీళ్ల తొట్టిలో నిలబెట్టేది అందుకే. మామూలు నీళ్లయితే ఫర్వాలేదు. మంటతో కాచడం, మరిగే నీళ్లు పోయడం మాత్రం ఎన్నటికీ చేయకూడదు. ఇంటి సిలిండర్‌ను హోటల్‌కో వర్క్‌షాపుకో వాడటం 2000 నాటి ఎల్‌పీజీ ఉత్తర్వు ప్రకారం నేరం కూడా.

సూళ్లూరుపేట వాళ్లకు మంటల్లో పెద్ద మంట కొత్త కాదు. 1971 అక్టోబరు 9న దగ్గర్లోని శ్రీహరికోట నుంచి తొలి రోహిణి రాకెట్ ఎగిరింది మొదలు, ఊరి మేడలెక్కి ఆ వెలుగు చూస్తూనే ఉన్నారు. 2023 జులై 14న చంద్రయాన్-3ను మోసుకెళ్లిన ఎల్‌వీఎం3 రాకెట్ పై అంచెలో ద్రవ హైడ్రోజన్ మండింది. అంత ఎత్తున మంటకు గాలి దొరకదు కనుక ఆక్సిజన్‌ను కూడా ద్రవంగా వెంట తీసుకెళ్లింది, బరువులో ఒక వంతు హైడ్రోజన్‌కు సుమారు 5 వంతులు. ఆ ఇంజనీర్లూ తలపట్టుకునేది ఇంధనం, ఆక్సిజన్ సరైన పాళ్లలో, సరైన వేగంతో కలవాలన్న దాని కోసమే. మన భట్టీకి ఉన్న వెసులుబాటు ఏమిటంటే, గాలి చుట్టూ ఊరికే దొరుకుతోంది.

పైపు గ్యాస్ కనెక్షన్ తీసుకునే ఇళ్లకు ఇంకొక మాట. పైపులో వచ్చేది సహజవాయువు, అంటే ఎక్కువగా మీథేన్. దానికి పది వంతుల గాలి చాలు. లీటరుకు ఇచ్చే వేడి తక్కువ, ఒత్తిడీ తక్కువ. అందుకని జెట్ రంధ్రం సుమారు 1.4 రెట్లు పెద్దది కావాలి. ఎల్‌పీజీ జెట్‌తోనే పైపు గ్యాస్ వాడితే మంట నీరసంగా ఉంటుంది. పైపు గ్యాస్ జెట్ ఉన్న పొయ్యిని తిరిగి సిలిండర్‌కు తగిలిస్తే మాత్రం మంట పైకి ఎగసి ప్రమాదం అవుతుంది. ఇల్లు మారేటప్పుడు ఇది మరిచిపోవద్దు.

సొంత బర్నర్ వెలిగించే ముందు ప్రతి జాయింటుకూ సబ్బు నురగ రాసి చూడండి. బుడగ లేస్తే లీకు ఉన్నట్టే, అగ్గిపుల్లతో పరీక్షించొద్దు. ఎల్‌పీజీ గాలికన్నా బరువు, నేల మీద పారి గుంటల్లో నిలుస్తుంది. అందుకే కొలిమిని గోతిలోనో మూసిన గదిలోనో పెట్టొద్దు, ఆరుబయట పెట్టండి. ఇంటి పొయ్యి జెట్‌నూ రెగ్యులేటర్‌నూ మాత్రం మీ చేత్తో మార్చొద్దు, ఆ పని డీలర్ పంపే మెకానిక్‌కే వదలండి. గ్యాస్ వాసన వస్తే రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు తెరిచి, ఏ స్విచ్చీ ముట్టుకోకుండా బయటికి వచ్చి 1906కు ఫోన్ చేయండి. ఆ నంబరు 24 గంటలూ పనిచేస్తుంది.