ఊపిరితిత్తుల క్యాన్సర్ ఆపరేషన్: త్వరగా కోలుకోవాలన్నా, ఖర్చు తగ్గాలన్నా ఏం చేయాలి?

ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు ఆపరేషన్ చేయాలని డాక్టర్ చెప్పగానే ఇంట్లో రెండు ప్రశ్నలు మొదలవుతాయి. మనిషి ఎప్పటికి కోలుకుంటారు? ఖర్చు ఎంతవుతుంది? నిజానికి ఈ రెండూ ముడిపడి ఉన్నాయి. ఆపరేషన్ తర్వాత నిమ్ము చేసినా, ఊపిరితిత్తి నుంచి గాలి లీకవడం ఆగకపోయినా ఆసుపత్రిలో రోజులు పెరుగుతాయి, దాంతో బిల్లూ పెరుగుతుంది.

అందుకే ఆపరేషన్‌కు ముందు నుంచే తీసుకునే జాగ్రత్తలన్నింటినీ కలిపి వైద్యులు ‘ఈరాస్’ పద్ధతి అంటున్నారు. ఊపిరితిత్తుల ఆపరేషన్లకు సంబంధించి 2019లో అంతర్జాతీయ మార్గదర్శకాలు వచ్చాయి. అందులో మీ చేతిలో ఉన్నవి చూద్దాం.

ఆపరేషన్‌కు ముందు

- బీడీ, సిగరెట్ కనీసం 4 వారాల ముందే మానేయాలి. అంత సమయం లేకపోతే ఈరోజే మానేయండి. దీనికోసం ఆపరేషన్ వాయిదా వేసుకోవద్దు.
- చాలామందికి 6 గంటల ముందు వరకు ఆహారం, 2 గంటల ముందు వరకు మంచినీళ్లు తీసుకునే వీలుంటుంది. షుగర్ ఉన్నవారు మత్తు డాక్టర్‌ను అడగాలి.
- వ్యాధి తొలి దశలో ఉంటే, చిన్న కోతలతో కెమెరా సాయంతో చేసే ‘వాట్స్’ కుదురుతుందా అని అడగండి. పరికరాల ఖర్చు ఎక్కువ కావచ్చు, కానీ నొప్పి తక్కువ, ఇంటికి త్వరగా వెళ్లొచ్చు. కాబట్టి మొత్తం ఖర్చు ఎంతో తెలుసుకోండి.

ఆపరేషన్ తర్వాత

నొప్పిని ఓర్చుకోవడం గొప్ప కాదు. నొప్పికి భయపడి దగ్గకపోతే కఫం లోపలే ఉండిపోయి నిమ్ముకు దారితీస్తుంది. నొప్పి ఉంటే నర్సుకు చెప్పండి. డాక్టర్ సరేనంటే 24 గంటల్లోపే లేచి నడవాలి. ఛాతీ గొట్టం ఉన్నా సాయంతో నడవొచ్చు.

డబ్బు మాటేమిటి?

తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో ఏడాదికి కుటుంబానికి రూ.10 లక్షలకు పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది. 70 ఏళ్లు దాటినవారికి ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ భారత్ కింద రూ.5 లక్షల వరకు చికిత్స అందుతుంది. ఆసుపత్రిలో చేరి డబ్బు కట్టాక కాకుండా, ముందే ఆరోగ్యమిత్రను కలిసి అనుమతి గురించి మాట్లాడండి. సందేహాలుంటే 104కు ఫోన్ చేయండి.

ఇంటికొచ్చాక

జ్వరం, పెరుగుతున్న ఆయాసం, కఫంలో రక్తం, గాయం నుంచి చీము, ఒక కాలిలో వాపు... వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. దారి ఖర్చుకు వెనకాడి ఆలస్యం చేస్తే మళ్లీ ఐసీయూలో చేరాల్సి రావచ్చు.