ఊరి పని... ప్రపంచ స్థాయి కొలువు!

ప్రభుత్వం, డ్వాక్రా సంఘాలు, విదేశీ బ్యాంకు, యూనివర్సిటీ... ఒకదానికొకటి పోలిక లేని సంస్థలు ఒకే పని కోసం చేతులు కలుపుతున్నాయి. వాటిని కలిపి నడిపించేవాళ్లు కావాలి. ఆ వాళ్లు మీరెందుకు కాకూడదు?

అనకాపల్లి బెల్లం మార్కెట్లో కాసేపు నిలబడితే ఒక సంగతి అర్థమవుతుంది. దిమ్మ ఎంత పసుపుగా మెరిస్తే ధర అంత బాగా పలుకుతుంది. ఆ మెరుపు కోసం వండేటప్పుడు హైడ్రోస్ కలుపుతారన్నది ఇక్కడ కొత్త విషయమేం కాదు. పురుగుమందు కొట్టకుండా చెరకు పండించి, ఏమీ కలపకుండా వండిన బెల్లమేమో ముదురు గోధుమ రంగులో ఉంటుంది. మంచిదే, కానీ కొనేదెవరు? రంగు తగ్గితే రేటు తగ్గించేస్తారు కదా!

ఈ ఒక్క ప్రశ్నకు ఒక్క ఆఫీసు సమాధానం చెప్పలేదు. సాగు పద్ధతి నేర్పేవాళ్లు ఒకరు, నాణ్యత పరీక్షించేవాళ్లు ఇంకొకరు. పెట్టుబడి ఇచ్చేవాళ్లు వేరు, మంచి ధరకు కొనేవాళ్లు వేరు. వీళ్లందరూ ఒక తాటి మీదకు వస్తేనే రైతుకు నాలుగు డబ్బులు మిగులుతాయి. సామాజిక రంగంలో ‘పార్టనర్‌షిప్’ అని పెద్ద పేరు పెట్టి పిలిచేది దీన్నే.

లిస్బన్ దాకా వెళ్లిన మన సాగు

ఇది కాగితాల మీద కబుర్లేమో అనుకుంటున్నారా? 2024 జులైలో పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో గుల్బెంకియన్ మానవతా పురస్కారాన్ని ప్రకటించారు. వాతావరణ మార్పును ఎదుర్కొనే పనులకు ఇచ్చే ఈ అవార్డు విలువ 10 లక్షల యూరోలు. జర్మనీ మాజీ ఛాన్సలర్ ఏంజెలా మెర్కెల్ జ్యూరీ అధ్యక్షురాలు. ఆ ఏడాది విజేతలు ముగ్గురు. ఒకరు ప్రఖ్యాత నేల శాస్త్రవేత్త రతన్ లాల్. మరొకటి ఈజిప్టుకు చెందిన సెకెమ్ సంస్థ. మూడోది మన ఆంధ్రప్రదేశ్ ప్రజా భాగస్వామ్య ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం, అంటే ఏపీసీఎన్‌ఎఫ్.

మన కార్యక్రమం తరఫున పేర్కొన్న పేర్లు రెండు: విశ్రాంత ఐఏఎస్ అధికారి టి.విజయకుమార్, మహిళా రైతు నెట్టెం నాగేంద్రమ్మ. అధికారి, రైతు పక్కపక్కన నిలవడంలోనే ఈ కార్యక్రమం తీరు కనిపిస్తుంది.

ఎవరు ఏం తెచ్చారు?

రాష్ట్ర ప్రభుత్వం 2014లో లాభాపేక్ష లేని కంపెనీగా రైతు సాధికార సంస్థను ఏర్పాటు చేసింది. ప్రకృతి వ్యవసాయాన్ని ఈ సంస్థ 2016 నుంచి పల్లెలకు తీసుకెళ్తోంది. బీజామృతం, జీవామృతం, ఏడాది పొడవునా నేలపై పచ్చదనం ఉండేలా రకరకాల విత్తనాలు కలిపి చల్లడం... ఇవీ అందులో ముఖ్యమైనవి. కానీ ప్రభుత్వం చెబితేనే రైతు ఎరువు బస్తా మానేస్తాడా? మానడు. అక్కడే మిగతా వాళ్ల అవసరం వచ్చింది.

నమ్మకం తెచ్చింది మహిళా సంఘాలు. పొదుపు కోసం ఏళ్ల తరబడి కలిసి కూర్చుంటున్న అక్కచెల్లెళ్లకు ఒకరి పొలం సంగతి ఇంకొకరికి తెలుసు. సంఘం మీటింగ్‌లో పక్కింటి ఆమె ‘మా చేలో ఇలా వచ్చింది’ అంటే ఆ మాటకు విలువ వేరు. అందుకే బయటి నిపుణుల కంటే, ముందుగా తమ పొలంలో చేసి చూపిన రైతులకే తోటివారికి నేర్పే బాధ్యత ఇచ్చారు.

తొలి రోజుల్లో అజీమ్ ప్రేమ్‌జీ దాతృత్వ సంస్థ సాయానికి ముందుకొచ్చింది. దాతల సొమ్ముకు ఒక వీలుంది. కొత్త ప్రయోగం తప్పినా తట్టుకోగలదు. పని విస్తరించే దశలో జర్మనీ ప్రభుత్వ అభివృద్ధి బ్యాంకు కేఎఫ్‌డబ్ల్యూ రుణం ఇచ్చింది. అప్పు కాబట్టి లెక్క గట్టిగా చూపాలి. బ్రిటన్‌లోని రీడింగ్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు రైతుల పొలాల్లోనే దిగుబడులు పోల్చి చూశారు. ఫ్రాన్స్ పరిశోధన సంస్థ సిరాడ్, ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ కలిసి 2050 నాటికి రాష్ట్ర వ్యవసాయం ఎలా ఉండొచ్చో అధ్యయనం చేశాయి.

డబ్బు, నమ్మకం, అధికారం, విజ్ఞానం... నాలుగూ నాలుగు చోట్ల ఉన్నాయి. ఏ ఒక్కరి దగ్గరా అన్నీ లేవు.

అన్నీ అనుకున్నట్టు జరగలేదు

ఈ కథలో ఎదురుదెబ్బలూ ఉన్నాయి. ఈ రంగంలోకి రావాలనుకునేవాళ్లు ముందు అవే తెలుసుకోవాలి. 2018లో ఐక్యరాజ్య సమితి పర్యావరణ విభాగం, బీఎన్‌పీ పారిబా బ్యాంకు వంటి సంస్థలతో కలిసి పెద్ద ప్రకటన వెలువడింది. 2024 నాటికి 60 లక్షల మంది రైతులను ఈ బాట పట్టించాలన్నది లక్ష్యం. 2024లో అవార్డు వచ్చేనాటికి గుల్బెంకియన్ ఫౌండేషన్ చెప్పిన సంఖ్య 10 లక్షలకు పైగా. తక్కువేం కాదు, కానీ అనుకున్నదానిలో ఆరో వంతు దగ్గరే.

మరోవైపు 2019లో జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ అభ్యంతరం చెప్పింది. తగినన్ని శాస్త్రీయ రుజువులు లేకుండా పెట్టుబడి లేని ప్రకృతి సేద్యాన్ని దేశమంతా ప్రోత్సహించవద్దని హెచ్చరించింది. ఆ చర్చ ఇంకా నడుస్తూనే ఉంది.

దీన్నుంచి నేర్చుకోవాల్సింది ఏంటి? వేదిక మీద ఒప్పందం కుదరడం తేలికే. డబ్బు ఎప్పుడొస్తుంది, ఫలితం ఎవరు కొలుస్తారు, తేడా వస్తే ఎవరు బాధ్యులు అన్నవి ముందే రాసుకోకపోతే పని సగంలో ఆగుతుంది. నష్టపోయేది మాత్రం ఒక పంటకాలాన్ని పణంగా పెట్టిన రైతు. దాత ఇంకో ప్రాజెక్టు వెతుక్కోగలడు, రైతుకు ఇంకో ఖరీఫ్ వెంటనే రాదు కదా!

మన జిల్లాకు కొత్తేం కాదు

అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేసిన డాక్టర్ బి.వి.పరమేశ్వరరావు తన ఊరు దిమిలికి తిరిగొచ్చారు. 1976లో భాగవతుల చారిటబుల్ ట్రస్టును స్థాపించారు. రాంబిల్లి మండలం హరిపురంలో ఆ ట్రస్టు నడిపే కృషి విజ్ఞాన కేంద్రానికి అండ భారత వ్యవసాయ పరిశోధన మండలి. స్వచ్ఛంద సంస్థ చేతులు, ప్రభుత్వ విజ్ఞానం కలిసి రైతు దగ్గరకు వెళ్లడమంటే ఇదే. ఇక అనకాపల్లి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానానిది వందేళ్లు దాటిన చరిత్ర. చెరకు, బెల్లం మీద ఏ ప్రయోగం చేయాలన్నా తలుపు తట్టాల్సింది అక్కడే.

జిల్లాలో అచ్యుతాపురం, పరవాడ పారిశ్రామిక వాడలూ ఉన్నాయి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నికర విలువ రూ.500 కోట్లు, లేదా టర్నోవర్ రూ.1,000 కోట్లు, లేదా నికర లాభం రూ.5 కోట్లు దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. ఆ నిధికీ, ఊళ్లో అవసరానికీ మధ్య దారి వేసేవాళ్లు కావాలి.

కొలువులు ఎక్కడ?

క్షేత్ర సమన్వయం: ఊళ్లో ఉండి సంఘాలతో పని చేయాలి. రైతు సాధికార సంస్థ వ్యవసాయ పట్టభద్రులను ఫెలోలుగా తీసుకుని గ్రామాల్లో పని చేయిస్తుంది.

ఫలితాల లెక్క: సర్వే, డేటా విశ్లేషణ. స్టాటిస్టిక్స్, ఎకనామిక్స్ చదివినవాళ్లకు అనువైనది.

నిధులు, నిబంధనలు: విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి 2020లో చేసిన సవరణతో, ఒక సంస్థ తీసుకున్న విదేశీ విరాళాన్ని మరో సంస్థకు బదిలీ చేయడం కుదరదు. పాలనా ఖర్చు 20 శాతం దాటకూడదు. కాబట్టి ఈ చట్టం తెలిసిన కామర్స్ పట్టభద్రుల అవసరం ఉంటుంది.

మార్కెట్ అనుసంధానం: రైతు ఉత్పత్తిదారుల సంస్థల్లో ప్యాకింగ్, నాణ్యత, అమ్మకాలు చూడటం. గోధుమ రంగు బెల్లానికి కొనేవాళ్లను వెతికే పని ఇదే.

ఏం చదవాలి?

హైదరాబాద్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ, టిస్. గుజరాత్‌లోని ఆనంద్‌లో ఇర్మా. బెంగళూరులో అజీమ్ ప్రేమ్‌జీ యూనివర్సిటీ ఈ రంగంలో పేరున్నవి. డిగ్రీ అయ్యాక నేరుగా అనుభవం కావాలంటే ఎస్‌బీఐ యూత్ ఫర్ ఇండియా (13 నెలలు), గాంధీ ఫెలోషిప్ (రెండేళ్లు) ఉన్నాయి. అర్హతలు, తేదీలు ఏటా నోటిఫికేషన్‌లో చూసుకోవాలి.

జీతాల విషయం దాచాల్సిన పని లేదు. మొదట్లో ఐటీ ఉద్యోగంతో పోలిస్తే తక్కువే. చాలావరకు కాంట్రాక్టు మీదే ఉంటాయి, ప్రాజెక్టు అయిపోతే మళ్లీ వెతుక్కోవాలి. ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి దిగడం మంచిది. అయితే ఊరి యాస, సంఘం లెక్క, ఇంగ్లిష్ రిపోర్టు... మూడూ తెలిసినవాళ్లు దొరకడం కష్టం. తెలుగు మీడియంలో చదివి ఊళ్లో పెరగడం ఇక్కడ లోటు కాదు, అదే మీ బలం.

ఎక్కడ మొదలుపెట్టాలి అంటారా? మీ అమ్మ వెళ్లే డ్వాక్రా మీటింగ్‌లో ఒకసారి కూర్చోండి. తీర్మానాల పుస్తకం ఎలా రాస్తున్నారో, అప్పు ఎవరికి ముందు ఇవ్వాలో ఎలా తేలుస్తున్నారో చూడండి. నలుగురు కలిసి పని చేయడంలో తొలి పాఠం అక్కడే ఉంది. తర్వాత మార్కెట్‌కు వెళ్లి, రంగు తగ్గిన బెల్లం తెచ్చిన రైతును ‘ఎంతకు అడిగారు?’ అని అడగండి. ఆయన చెప్పే సమాధానమే మీ మొదటి ప్రాజెక్టు కావచ్చు.