పాలజ్వరం

పాలజ్వరం పాడి ఆవులకు, గేదెలకు సాధారణంగా ఈనిన రెండు మూడు రోజులలోపు వచ్చే వ్యాధి. పేరులో జ్వరం ఉన్నా ఇందులో జ్వరం ఉండదు. పైగా ఒళ్ళు చల్లబడుతుంది. రక్తంలో కాల్షియం హఠాత్తుగా పడిపోవడమే దీనికి కారణం. ఎక్కువ పాలిచ్చే పశువుకే ఇది వస్తుంది. మాచర్ల, గురజాల వంటి మెట్ట ప్రాంతాలలో ఒకటి రెండు గేదెల పాడిపై ఆధారపడిన కుటుంబానికి ఈ నష్టం తీరనిది.

కారణం

పది లీటర్ల ముర్రుపాలతో దాదాపు 23 గ్రాముల కాల్షియం బయటకు పోతుంది. ఆవు రక్తంలో ఒక సమయంలో ఉండేది 3 గ్రాములకు అటూ ఇటూ మాత్రమే. ఎముకలలో నిల్వ ఉన్నా, దానిని బయటకు తెచ్చే పారాథైరాయిడ్ గ్రంథి పని పుంజుకోవడానికి వ్యవధి పడుతుంది. ఈలోపే పశువు కూలబడుతుంది. తొలిచూలు పశువులలో ఇది అరుదు. మూడవ ఈత నుండి ఎక్కువ.

లక్షణాలు

మొదట తూలుతుంది, మేత మానుతుంది. తరువాత లేవలేక, తలను డొక్క వైపు తిప్పి పడుకుంటుంది. చెవులు చల్లబడతాయి. చికిత్స అందకపోతే కొన్ని గంటలలోనే స్పృహ కోల్పోయి చనిపోవచ్చు.

పరిశోధన

1897లో డెన్మార్క్ పశువైద్యుడు ష్మిట్, పొదుగులో విషం పుడుతోందని భావించి అందులోకి మందు ఎక్కించాడు. ఆ తరువాత వట్టి గాలి ఎక్కించినా పశువులు లేచాయి. కొన్నిచోట్ల సైకిలు పంపులు కూడా వాడారు! సిద్ధాంతం తప్పు, చికిత్స మాత్రం పనిచేసింది. గాలి ఒత్తిడికి పాలు చేరడం ఆగి, కాల్షియం రక్తంలోనే నిలిచేది.

అసలు కారణాన్ని 1925లో స్కాట్లండులోని మోర్డన్ సంస్థకు చెందిన హెన్రీ డ్రయర్, జాన్ రస్సెల్ గ్రెగ్ సూచించారు. రక్తంలో కాల్షియం తగ్గుదలను అదే ఏడాది లిటిల్, రైట్ కొలిచి చూపారు. (ఈ నార్మన్ రైట్ తరువాత భారతదేశానికి వచ్చి ఇక్కడి పాడి పరిశ్రమపై నివేదిక ఇచ్చాడు, అది 1937లో వెలువడింది.) గ్రెగ్ 1930లో కాల్షియం గ్లూకొనేట్ సూదిమందును ప్రకటించాడు. ఆ తరువాత వచ్చిన బోరోగ్లూకొనేట్ నేటికీ ప్రధాన ఔషధం.

చికిత్స, నివారణ

మందును మెడ నరంలోకి నిదానంగా, గుండె చప్పుడు గమనిస్తూ ఎక్కించాలి. తొందరపడితే గుండె ఆగిపోతుంది. కనుక ఇది పశువైద్యుడు చేయవలసిన పని. చాలా పశువులు కొద్దిసేపటికే లేచి నిలబడతాయి.

ఈనడానికి ముందు కాల్షియం దండిగా పెడితే మేలని అనుకోవడం సహజమే గాని, అది పొరపాటు. అప్పుడు పారాథైరాయిడ్‌కు పని లేక మందగిస్తుంది. అమెరికాలోని ఏమ్స్ నగరంలో గోఫ్, హార్స్ట్ 1997లో చేసిన ప్రయోగాలలో పొటాషియం అధికంగా ఉన్న మేత మరింత కీడని తేలింది. లూసర్న్ మేతలో ఈ రెండూ ఎక్కువే. అందువల్ల చూడి చివరి మూడు వారాలలో దానిని తగ్గించడం మంచిది. ఈనిన తొలి రోజు పొదుగును పూర్తిగా పిండకుండా కొంత పాలు మిగల్చాలని పశువైద్యులు చెబుతారు.