ముందు మెట్లు, తర్వాతే మాల్

తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లోనో, ఏపీ ఎక్స్‌ప్రెస్‌లోనో వెళ్లి న్యూఢిల్లీలో దిగినవారికి ఆ స్టేషన్ ఇరుకు గురించి చెప్పనక్కర్లేదు. ఒకపక్క పహాడ్‌గంజ్, మరోపక్క అజ్మేరీ గేట్, మధ్యలో 16 ప్లాట్‌ఫాంలు. సామాను మోసుకుంటూ ఫుట్ ఓవర్ బ్రిడ్జి ఎక్కి దిగాల్సిందే. ఈ స్టేషన్‌ను తిరగగట్టాలన్న ఆలోచన ఏళ్ల తరబడి నానుతూ వచ్చింది. లోపం డిజైన్‌లో లేదు, డబ్బు వచ్చే దారిలో ఉంది.

2021లో రైల్వే భూముల అభివృద్ధి సంస్థ వేసిన ప్రణాళిక విలువ దాదాపు 5,000 కోట్ల రూపాయలు. ప్రైవేటు సంస్థ తన డబ్బుతో స్టేషన్ కట్టాలి. బదులుగా అక్కడ వచ్చే హోటల్, ఆఫీసులు, దుకాణాల మీద 60 ఏళ్ల హక్కు దానికి దక్కుతుంది. అర్హత దశలో తొమ్మిది దరఖాస్తులు వచ్చాయి. ఖజానాకు భారం లేదు, ప్రయాణికుడికి కొత్త స్టేషన్. వినడానికి బాగానే ఉంది.

కట్టేవాడి వైపు నుంచి చూస్తే లెక్క మారిపోతుంది. ఖర్చంతా ముందే, అద్దెలు ఎన్నో ఏళ్ల తర్వాత. ఈలోగా అప్పు మీద వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. పనుల కోసం రైళ్లు ఆగవు. పట్టాల మీదుగా ఒక్క గర్డర్ ఎక్కించాలన్నా రైల్వే ‘బ్లాక్’ ఇవ్వాలి, అంటే కొన్ని గంటలు ఆ లైన్ మూసేయాలి. పాత క్వార్టర్లు, కార్యాలయాలు వేరేచోటికి తరలితే తప్ప స్థలం చేతికి రాదు. పైగా అది కోవిడ్ కాలం, ఉన్న ఆఫీసులే ఖాళీగా ఉన్నాయి.

టోక్యో స్టేషన్‌ది వేరే కథ. అక్కడి రైల్వే సంస్థ తాను వాడుకోని నిర్మాణ హక్కులను చుట్టుపక్కల ఆకాశహర్మ్యాలకు అమ్మి, ఆ సొమ్ముతో పాత ఎర్ర ఇటుకల భవనాన్ని 2012 నాటికి పునరుద్ధరించింది. కొనేవాళ్లు పక్కనే సిద్ధంగా ఉండబట్టే అది సాధ్యమైంది.

ఢిల్లీలో చివరికి ప్రభుత్వమే డబ్బు పెట్టాలని నిర్ణయించింది. న్యూఢిల్లీ, అహ్మదాబాద్, ముంబై సీఎస్ఎంటీ స్టేషన్లకు కలిపి సుమారు 10,000 కోట్లతో 2022 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. అది సరైన నిర్ణయమేనని నా అభిప్రాయం. అయినా న్యూఢిల్లీ అప్పట్లో కదల్లేదు. గుత్తేదారులు అడిగిన ధర అంచనాను బాగా మించడంతో ఆ స్టేషన్ పనుల టెండరు రద్దయింది. మన సికింద్రాబాద్‌ది కూడా ఇలాంటి దారే. 2017లో ప్రైవేటు భాగస్వామ్యం కోసం ప్రకటించిన 23 స్టేషన్లలో అదొకటి. దానికి శంకుస్థాపన జరిగింది మాత్రం 2023 ఏప్రిల్‌లో, దాదాపు 720 కోట్ల ప్రభుత్వ నిధులతో.

ఈ ఆలస్యం ఖరీదు కోట్లలో లెక్కకట్టేది కాదు. 2025 ఫిబ్రవరి 15 రాత్రి, కుంభమేళాకు బయల్దేరిన జనం న్యూఢిల్లీలో 14, 15 ప్లాట్‌ఫాంల దగ్గరి మెట్ల మీద నలిగిపోయారు. 18 మంది చనిపోయారు. కొత్త స్టేషన్ ఉంటే అది జరిగేది కాదని ఎవరూ ప్రమాణం చేసి చెప్పలేరు. కానీ రద్దీ మొత్తాన్ని ఇరుకు మెట్ల మీదికి పంపే ఏర్పాటు ఎంత ప్రమాదమో రైల్వేకు అంతకుముందే తెలుసు. 2010లోనూ అదే స్టేషన్‌లో తొక్కిసలాట ప్రాణాలు తీసింది.

దుర్ఘటన తర్వాత అజ్మేరీ గేట్ వైపు వేలమంది పట్టే శాశ్వత నిరీక్షణ ప్రాంగణం అదే ఏడాదిలో తయారైంది. దానికి ఏ హోటల్ లీజూ అవసరం కాలేదు. మెట్ల వెడల్పు, అదనపు వంతెనలు, లిఫ్టుల పనులను కూడా ఇలాగే మాల్ టెండరు నుంచి విడదీసి ముందే చేపట్టాలి.