కొసరు

మా అమ్మాయికి ప్రయాణాల పిచ్చి. సెలవులకు ఇంటికి వచ్చిందంటే దక్షిణ అమెరికా పటం ముందు వేసుకొని కూర్చుంటుంది. ఈక్వడార్ దేశంలో, ఆండీస్ కొండల నడుమ ఒటవాలో అనే ఊరున్నది. శనివారం వచ్చిందంటే ఊరంతా సంతే! అక్కడివారు నేసిన ఉన్నిబట్టలు ప్రసిద్ధి. తక్కువ ఖర్చుతో అక్కడ ఒక రోజు గడపాలని దాని కోరిక.

"విమానం డబ్బులు నువ్వు సంపాదించుకో. ఈలోగా మూడు వందల రూపాయలతో హుస్నాబాద్ అంగడి చూపిస్తాను, పద" అన్నాను.

కరీంనగర్ నుంచి హుస్నాబాద్ సుమారు 40 కిలోమీటర్లు. 2016లో ఆ ఊరు మా జిల్లాను విడిచి సిద్దిపేట జిల్లాలో చేరింది; చుట్టరికం మాత్రం తెగలేదు. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం గదా! ఇద్దరికీ సున్నా టిక్కెట్లే. మూడు వందలూ చెక్కు చెదరకుండా బస్సు దిగాము.

అంగడిలో అడుగు పెట్టగానే ఎండుమిరపకాయల ఘాటుకు ఇద్దరికీ తుమ్ములు. ఒకవైపు ఎద్దుల పగ్గాలు, మువ్వలు. మరొకవైపు కుండలు, ఎండుచేపలు. గోనెసంచి మీద టమాటాలు, వాటి పక్కనే ఫోనుతో డబ్బు కట్టే చదరపు బొమ్మ! ముప్పయి రూపాయలకు టమాటాలు తూచిన ఆమె, అడగకుండానే మరో రెండు కాయలూ కొత్తిమీర రెబ్బా సంచిలో వేసింది.

"ఇదేమిటమ్మా?" అన్నది అమ్మాయి.

"కొసరు. 1958లో మెట్రిక్ తూనికలు మొదలై, శేర్లు పోయి కిలోలు వచ్చాయి. కొసరు మాత్రం పోలేదు."

"అయితే యాపా అన్నమాట! ఆండీస్ సంతల్లో కూడా ఇలాగే వేస్తారు. కెచువా మాట."

నలభై రూపాయలకు మిర్చిబజ్జీలు, చాయ్ ముగించి మేదరి అవ్వ దగ్గర ఆగాము. చాట నూటయెనభై అన్నది. నూటయిరవై అన్నాను. మా అమ్మ నేర్పిన విద్య ఒకటున్నది: వెనుదిరిగి నాలుగడుగులు వేయటం. వేశాను.

"ఇగో, రా బిడ్డా, తీస్కపో" అని పిలిచింది అవ్వ.

గెలిచానని మురిసిపోతూ డబ్బు తీస్తున్నాను. ఇంతలో మా అమ్మాయి, "అవ్వా, ఒక చాట అల్లటానికి ఎంతసేపు పడుతుంది?" అని అడిగింది.

"వెదురు చీరుడు, బద్దలు తీసుడు, అల్లుడు... ఒక్క దినం బోతది బిడ్డా."

నా చెయ్యి పర్సులోనే ఆగిపోయింది. పొదుపుగా తిరుగుతున్నామని మురిసిపోతున్నాను. ఆ పొదుపు ఎవరి కొంగులోనుంచి వస్తున్నదో చూసుకోలేదు.

అవ్వ అరచేతిలో పట్టేంత బొమ్మచాట ఒకటి తీసి, "పిల్ల మొదటిసారి వచ్చె. ఉత్తగెట్ల పంపుత?" అని అమ్మాయి చేతిలో పెట్టింది. నేను నూటయెనభై ఇవ్వబోతే తీసుకోలేదు. "బేరమైనంక మాట మాటే" అన్నది.

"అయితే ఇంకో చాట ఇయ్యి అవ్వా. నువ్వు చెప్పిన ధరకే."

ఈసారి కాదనలేదు. బోసినోటితో నవ్వింది.

లెక్క చూస్తే బడ్జెట్టు డెబ్బై రూపాయలు దాటింది. మీరూ ఆ అంగడికి వెళ్ళండి. బేరమూ ఆడండి, అది లేనిదే అంగడికి అందం లేదు. అయితే నాలుగడుగులు వెనక్కి వేసే ముందు, ఆ వస్తువు చేయటానికి ఎన్నాళ్ళు పట్టిందో ఒక్కమాట అడగండి.