లోతైన గాడిలో కట్టర్ ఎందుకు విరుగుతుంది?

ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలోని నిమ్‌పురాలో తెలుగు వినబడితే ఎవరూ ఆశ్చర్యపోరు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో ఉత్తరాంధ్ర నుంచి పనికోసం వెళ్ళిన కుటుంబాల వారసులు ఇప్పటికీ అక్కడున్నారు. రైల్వే వర్క్‌షాపు ఉన్న ఊరు కావడంతో లేతు, మిల్లింగ్, ఫిట్టింగ్ అనేవి చాలా ఇళ్ళలో వాడుకమాటలే. మిల్లింగ్ పని తెలిసిన ప్రతివారికీ ఒక భయం ఉంటుంది. పూర్తి కావచ్చిన షాఫ్ట్‌లో చివరగా కీ కూర్చునే గాడి తీస్తుండగా కట్టర్ విరిగి లోపలే ఇరుక్కుపోతుందేమోనని! అది కార్బైడ్ కట్టరైతే మామూలు డ్రిల్లుతో ఆ ముక్కను తొలచలేరు. కట్టర్ ఖరీదుతోపాటు షాఫ్ట్ మీద పెట్టిన శ్రమంతా పోయే ప్రమాదం ఉంది.

ఉక్కు గట్టిది కాబట్టి విరిగిందని అనుకోవడం సహజం. కానీ అదే ఉక్కును అంచువైపు నుంచి పలచగా చెక్కితే అదే కట్టర్ హాయిగా పనిచేస్తుంది. తేడా గాడిలోనే ఉంది. కట్టర్ వెడల్పు, గాడి వెడల్పు ఒకటే అయినప్పుడు కట్టర్ చుట్టుకొలతలో సగం, అంటే 180 డిగ్రీలు, ఎప్పుడూ లోహంలోనే ఉంటుంది. పంటికి చల్లబడే సమయం తక్కువ. రెండు గోడల మధ్య నుంచి చిప్స్ బయటికి పోలేక మళ్ళీ పళ్ళ కిందే పడి నలుగుతాయి. అసలు విరుపు చాలాసార్లు అక్కడే మొదలవుతుంది.

లోతు పెరిగితే కట్టర్‌ను హోల్డర్ నుంచి ఎక్కువ బయటికి లాగాలి. ఒక చివర బిగించిన కడ్డీ ఎంత వంగుతుందన్నది పొడవు ఘనాన్ని బట్టి ఉంటుంది. బయటికి ఉన్న భాగం 20 మిల్లీమీటర్ల నుంచి 40కి పెరిగితే, అదే బలానికి వంపు 8 రెట్లవుతుంది. వ్యాసం 10 నుంచి 8 మిల్లీమీటర్లకు తగ్గితే సుమారు రెండున్నర రెట్లు. ఆ వంపుతోనే కంపనం మొదలవుతుంది, పళ్ళ అంచులు రాలతాయి.

భయపడి ఫీడ్ మరీ తగ్గిస్తే? అది ఇంకా చెడ్డ పని. పన్ను లోహాన్ని కోయకుండా రుద్దుతుంది. భారతీయ రైల్వేలు పట్టాల క్రాసింగులకు వాడే పోత మాంగనీస్ ఉక్కులో ఈ సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. 1882లో రాబర్ట్ హాడ్‌ఫీల్డ్ కనిపెట్టిన ఈ ఉక్కులో సుమారు 12 శాతం మాంగనీస్ ఉంటుంది. దెబ్బ తగిలేకొద్దీ దాని పైపొర గట్టిపడుతుంది. చక్రాల కింద అది వరం, కట్టర్‌కు మాత్రం శాపం. రుద్దిన చోట గట్టిపడిన పొరనే తర్వాతి పన్ను కోయాల్సి వస్తుంది.

తగ్గించాల్సింది వేగం. కోత వేగానికీ కట్టర్ ఆయుష్షుకూ ఉన్న సంబంధాన్ని ఫ్రెడరిక్ టేలర్ ఏళ్ళ తరబడి ప్రయోగాలు చేసి, 1900ల తొలినాళ్ళలో సూత్రంగా ప్రకటించాడు. ఆ లెక్కన హైస్పీడ్ స్టీల్ కట్టర్ వేగం 10 శాతం పెంచితే ఆయుష్షు సగానికన్నా తక్కువకు పడిపోవచ్చు.

కంప్యూటర్‌తో నడిచే మెషిన్లలో మరో దారి ఉంది. దాని పేరు ట్రోకాయిడల్ మిల్లింగ్. 16 మిల్లీమీటర్ల గాడికి 10 మిల్లీమీటర్ల కట్టర్ పెట్టి, జిలేబీ చుట్టినట్టు చిన్న చిన్న వలయాలుగా ముందుకు నడుపుతారు. ఒక్కో చుట్టుకు ఒక మిల్లీమీటరు మాత్రమే కోస్తే, తిన్నని అంచు మీద పన్ను లోహంలో ఉండేది 37 డిగ్రీలే. గాడి వంపులో అది కొంత పెరిగినా 180కి చాలా దూరం. కోత పలచనైంది కాబట్టి ఫీడ్ పెంచుకోవచ్చు, పూర్తి లోతు ఒకేసారి తీయవచ్చు, చిప్స్ పోవడానికి చోటు మిగులుతుంది.

చేతితో తిప్పే పాత మెషిన్‌లో అంత సౌకర్యం లేదు. అక్కడ ముందు వరసగా డ్రిల్లు వేసి లోహాన్ని తగ్గించుకుంటారు. గాడికన్నా సన్నని కట్టర్‌తో మెట్లు మెట్లుగా దిగి, గోడలను చివర్లో విడిగా సరిచేస్తారు. ఒకే కోతలో పూర్తి వెడల్పు తీస్తే కట్టర్ పక్కకు లాగి గాడి వంకరపోతుంది మరి.

కూలెంట్ విషయంలోనూ జాగ్రత్త కావాలి. వేడెక్కిన కార్బైడ్ మీద అది ఆగి ఆగి పడితే సన్నని పగుళ్ళు వస్తాయి. అందుకే చాలామంది గట్టి గాలి ఊది చిప్స్‌ను బయటికి తోలతారు. అలా ఎగిరిపడే చిప్స్ నీలంగా ఉంటే, కార్బైడ్‌తో పనిచేసేవారు వేడి చిప్‌తోనే బయటికి పోతోందని ఊరట చెందుతారు. హైస్పీడ్ స్టీల్ కట్టర్ వాడేవారు మాత్రం అదే రంగు చూసి వెంటనే వేగం తగ్గిస్తారు.