రైతునకు తెలియనీయరాని రుచి

మన సంఘ సభ్యులలో పలువురి బిడ్డలు నేడు అమెరికా, ఇంగ్లండు మున్నగు దేశములందు ఉద్యోగములు చేయుచున్నారు. వారు సెలవులకు గ్రామమునకు వచ్చునపుడు పెట్టెలో నొక పసుపుపచ్చని దిమ్మను తెచ్చుట కలదు. దానిని చీజు అందురు. ఇంటి పెద్దలు దానిని వాసన చూచి మొగము త్రిప్పుకొందురు. రెండు దినములు అలమారలో నుంచి, తుదకు కుక్కకు వేయుదురు. ఇతరుల మాట యేల? మా యింటను ఇట్లే జరిగినది.

పిదప విచారింపగా, అట్టి గట్టి చీజు కిలో ఒకటి తయారగుటకు పది మొదలు పదునాలుగు లీటర్ల వరకు పాలు పట్టునని తెలిసి సిగ్గుపడితిమి. పాడి విలువ యెరిగిన రైతు తెలిసియుండిన అంత పాలను కుక్కకు పోయునా? కావున ఏయే దేశముల రైతులు ఏ చీజును చేయుచున్నారో, దానిని వేనితో కలిపి ఆరగించుచున్నారో, అందు మనము గ్రహింపదగిన దేమో మాకు తెలిసినంతవరకు ఇచ్చట వ్రాయుచున్నాము.

చీజు అనగా నేమి?

మనవారు చీజును జున్ను అని తెనిగించుట కలదు. కాని మన జున్ను ఈనిన పశువు ముర్రుపాలతో బెల్లము చేర్చి వండుకొనునది; మరునాటికి నిలువదు. చీజు వేరు. పాలను గోరువెచ్చగా కాచి, కొంచెము తోడు వేసి, విరుగుడు ద్రవ్యము కలుపుదురు. పాలు గడ్డకట్టిన పిమ్మట ఆ గడ్డను ముక్కలుగా కోసి, తేటను వార్చి, ఉప్పు పట్టించి, అచ్చులలో ఒత్తుదురు. గట్టి రకములను నెలలతరబడి, ఏండ్లతరబడి మాగనిత్తురు. పాలు రేపటికి నిలువవనెడి చింతయే మనచేత వెన్న కాచించి నేయి చేయించినది. ఆ చింతయే చలిదేశముల రైతులచేత చీజు చేయించినది.

జూరా కొండల ఉమ్మడి పాలు

ఫ్రాన్సు దేశమునకు తూర్పున జూరా కొండలు గలవు. అచ్చట చలికాలమున నెలలకొలది మంచు కప్పుకొని యుండును. ఆ కొండల చీజు పేరు కోంతే. దీని చక్ర మొకటి సుమారు 40 కిలోలు తూగును. దానికి సుమారు 400 లీటర్ల పాలు కావలెను. పూర్వకాలమున నాలుగైదు ఆవులున్న రైతున కన్ని పాలెక్కడివి? కావున గ్రామస్థులు పాలను ఒకచోట చేర్చి, ఉమ్మడిగా చీజు చేయ నేర్చిరి. ఈ యేర్పాటు 13వ శతాబ్దపు పత్రములలోనే కనబడుచున్నది. సహకార చట్టములు పుట్టుటకు కొన్ని వందల యేండ్లకు ముందే సహకారము పుట్టినదన్నమాట. అట్టి పాలశాలలను వారు ఫ్రుయితియేర్ అందురు. నేటికిని అవి సుమారు 140 కలవు.

వారి నిబంధనలు కఠినములు. ఆవులు రెండు జాతులవే కావలెను. పాతరవేసి మాగబెట్టిన గడ్డిని మేపరాదు. పాలశాలకు పాలుపోయు గ్రామము లన్నియు 25 కిలోమీటర్ల వ్యాసముగల వృత్తములో నుండవలెను. పాలను మరిగింపరు, పచ్చిపాలతోనే పని. కావున ఒక్కని పాత్ర మురికిదైనను, ఒక్కని ఆవు పొదుగు వాపుతో నున్నను, ఆ చెడుగు పదిమంది పాలకును అంటుకొనును. చెడిన సంగతి వెంటనే తెలియదు. నెలలు గడచి చక్రము ఉబ్బి పగిలినప్పుడు తెలియును. ఇరుగుపొరుగు ఒకరి శుభ్రతపై నొకరు ఇంతగా ఆధారపడు వృత్తి మరియొకటి అరుదు.

కోంతే చక్రము కనీసము 120 దినములు నేలమాళిగలో మాగవలెను. ఏడాది, రెండేండ్లు మాగునవియు గలవు. 19వ శతాబ్దమున యుద్ధావసరములకై కట్టిన సేంట్ అంత్వాన్ కోటలో 1966 నుండి ఈ చక్రములను మాగబెట్టుచున్నారు. ఫిరంగుల కొరకు కట్టిన చల్లని గోడలు పాడిరైతునకు అక్కరకు వచ్చినవి.

ఇక రుచి. లేత కోంతే వెన్నవలె తియ్యగా నుండును. ముదిరినది వేయించిన గింజల వాసన నిచ్చును. ఆ ప్రాంతమువారు దీనిని అక్రోటు పప్పుతోను, రొట్టెతోను తిందురు. ఆరేండ్లకు పైగా పీపాలో నుంచిన తమ పచ్చని ద్రాక్షాసవమును దీనికి జోడుగా త్రాగుదురు. చలిరాత్రులలో చీజును కుండలో కరిగించి, చుట్టును కూర్చుండి, రొట్టె ముక్కలను అందు ముంచుకొని తినుట వారి వేడుక.

పార్మా చక్రము, బ్యాంకు తాకట్టు

ఇటలీలో పార్మా, రెజ్జో ఎమీలియా, మోడెనా ప్రాంతముల చీజు పార్మిజానో రెజ్జానో. రాత్రి పాలను తెల్లవారువరకు నిలిపి మీగడ తీసి, ఉదయపు పాలతో కలిపి రాగి కాగులలో కాతురు. చక్ర మొకటికి సుమారు 550 లీటర్ల పాలు పట్టును. పన్నెండు నెలలు మాగనిదే పరీక్షకు రాదు. పరీక్షకుడు చిన్న సుత్తితో చక్రమును తట్టి, చెవియొగ్గి వినును. మనము పుచ్చకాయను తట్టి చూచునట్లే. లోపల బోలుగాని పగులుగాని యున్న శబ్దమే చెప్పును. తప్పిన చక్రముపై నున్న పేరును చెక్కివేయుదురు. 1934లో ఏర్పడిన ఉత్పత్తిదారుల సంఘము ఈ కట్టుబాటును కాచుచున్నది.

ఏడాది పైగా సరకు అమ్ముడుగానిచో రైతు పాలవెల ఎట్లు వచ్చును? ఇచ్చటనే మనము చూడదగిన ఉపాయ మున్నది. 1953 నుండి అచ్చటి బ్యాంకు ఒకటి ఈ చక్రములను తాకట్టుగా స్వీకరించి అప్పిచ్చుచున్నది. చక్రములు బ్యాంకువారి గిడ్డంగిలోనే మాగుచుండును. బంగారముపై అప్పు తెచ్చినచో బంగారము పెరుగదు. తాకట్టులో నున్న చీజు మాత్రము దినదినమునకు మాగి వెల హెచ్చుచుండును. గిడ్డంగి రసీదుపై ధాన్యమునకు అప్పు దొరకక, కోతలనాడే తెగనమ్ముకొన్న రైతునకు దీని విలువ వేరుగ చెప్పనక్కరలేదు.

పార్మిజానోను కత్తితో పలుచగా కోయరు, పెళ్లలుగా విరుతురు. దానిపై మోడెనా పులుసు రెండు చుక్కలు వేసికొందురు. ఇది ద్రాక్షరసమును కాచి, ఏండ్లతరబడి చెక్కపీపాలలో పులియబెట్టిన చిక్కని నల్ల ద్రవము. మాగిన బేరిపండును చేర్చుకొనుటయు గలదు. ఈ జోడును గూర్చి ఇటలీలో నొక సామెత పుట్టినది: చీజును బేరిపండుతో తినిన ఎంత రుచియో రైతునకు తెలియనీయరాదట! తెలిసినచో వాడే తినివేయును, దొరగారి పళ్లెమునకు రాదని భావము. ఇది నవ్వుటకు చెప్పిన మాటయే కావచ్చును. కాని పండించినవాడు తన పంట విలువ నెరుగకుండుటయే ఇతరులకు లాభమను సత్యము దానిలో నున్నది.

గేదెపాల ముద్ద

గేదెలను మేపువారికి ప్రీతి గొలుపు చీజు దక్షిణ ఇటలీలోని కంపానియా ప్రాంతపు మొజ్జరెల్లా. దీనికి గేదెపాలే కావలెను. విరిగిన గడ్డను వేడినీటిలో వేసి, సాగదీసి, ముద్దలుగా చేతితో త్రెంపుదురు; త్రెంచుట యను మాటనుండియే ఆ పేరు వచ్చినది. ఇది మాగబెట్టునది కాదు. చేసిన ఒకటి రెండు దినములలో తినవలెను. టమాటా చక్రములు, తులసిజాతి ఆకు, ఆలివు నూనె, చిటికెడు ఉప్పు దీనికి తోడు. చల్లబెట్టెనుండి తీసిన వెంటనే తినిన రుచి చచ్చును.

దున్నువాని భోజనము

ఇంగ్లండులో సోమర్సెట్ సీమలోని చెడ్డర్ గ్రామము పేర వెలసిన చీజు నేడు లోకమంతట నున్నది. రొట్టె, చెడ్డర్ ముక్క, ఊరవేసిన ఉల్లిపాయ, పచ్చడి, బీరు, వీనినన్నింటిని కలిపి అచ్చటివారు దున్నువాని భోజనమందురు. ఈ పేరును 1960 ప్రాంతమున పాలవ్యాపార మండలివారు ప్రచారము చేసిరి గాని, రొట్టె, చీజు, ఉల్లి కూలివాని కూడగుట పూర్వమునుండి యున్నదే. చేనిగట్టున చద్దియన్నము, ఉల్లిపాయ, ఆవకాయ ముద్ద తినినవారికి దీని మర్మము బోధపరుప నేల? హాలెండువారు లైడెన్ చీజులో మన వంటింటి జీలకర్రను, ఫ్రీస్‌లండ్ చీజులో లవంగములను కలుపుదురు. అవి తినినవారికి ఆ దిమ్మ అంత పరాయిగా తోచదు.

మన యింట ఎట్లు తినవలెను?

గట్టి చీజును తినుటకు గంట ముందు బయట నుంచవలెను. మిగిలినదానిని కాగితమున చుట్టి చల్లనిచోట దాచవలెను. మేము తిని చూచినంతలో చెడ్డర్ ముక్కకు జొన్నరొట్టె, పచ్చి ఉల్లిపాయ చక్కని తోడు, కోంతేకు వేయించిన వేరుసెనగపప్పు, పార్మిజానోకు దోరజామపండు. బేరిపండు దొరకలేదని విచారింప బనిలేదు. ఉప్పు అధికము గనుక రక్తపుపోటు గలవారు మితముగా తినవలెను. శాకాహారులు ఒక సంగతి గమనింపవలెను: పార్మిజానో, కోంతేల పాలను విరుచుటకు దూడ కడుపు పొరనుండి తీసిన ద్రవ్యమును వాడుదురు. మన దేశమున తయారగు చీజులలో పెక్కింటికి సూక్ష్మజీవులనుండి తీసినది వాడుచున్నారు. కొనునపుడు అట్టపై వ్రాత చదువుకొనవలెను.

తుదిమాట

చీజు చేయుడని గాని, నేయి మానుడని గాని మేము చెప్పుట లేదు. మన ఎండలకు, మన అలవాట్లకు నేయియే తగినది. కాని జూరా రైతు గొప్ప యంతయు అతని గడ్డిలోనే లేదు. పొరుగువాని పాలలో తన పాలు పోయగల నమ్మకములో నున్నది. మన పాలకేంద్రమునకు తెల్లవారి బిందె పట్టుకొని పోవునపుడు ఒక చెంబెడు నీరు కలిపినవాడు తన బిందెను గాక ఊరి చక్రమును పగులగొట్టుచున్నాడని తలంపవలెను.

ఈ మారు బిడ్డలు ఆ పచ్చని దిమ్మను తెచ్చినపుడు కుక్కకు వేయకుడు. ఒక జామపండు కోసి, ఇల్లాలికి, పిల్లలకు, పాలేరునకు తలకొక ముక్క పెట్టుడు. ఆ రుచి రైతునకు తెలియవలసినదే.